కోత పండగకి పెట్టిన కంకులు

నాయనా,
దేవుని దయవల్ల మేమంతా బాగుండాం. ఫోన్లో నీకు వినపడదని కార్డు రాస్తా ఉండా, అన్న చేత చదివించుకో.

నువ్వు కంటి ఆపరేషన్ అని ఆత్మకూరులో అన్న దగ్గర ఉంటే, ఈసారి జొన్న ఇత్తనానికి కంకులు నేనే ఏరినాను. ఎత్తుగా పెరిగి పెద్ద కంకేసిన చెట్లకే గుడ్డపీలికలు కట్టినా. వాటిల్లో మేలైనవి కోత పండగకి గుడిలో పెట్టినా. పాస్టరు అయ్యగారు ఎత్తి అందరికీ చూపించినారు.

మిగిలినవి నిన్న నలిపితే సగం గింజ లేని తాలే! వాన మొకం చాటేసినాక ఆ చెట్లే ముందు ఎండిపోయినాయి. రాళ్లమెట్టలో పొట్టి చెట్లు మాత్రం కోతదాకా ఆకు పచ్చగానే ఉండి, చిన్న కంకుల్లోనే గట్టి గింజ పట్టినాయి. ఇదేందో నాకు అంతుబట్టలా. ఇత్తనానికి ఏది దాచేది? పొట్టివే వేస్తే గొడ్లకి చొప్ప ఎట్ల?

కంట్లో చుక్కలు మర్చిపోవద్దు. వదిన చింతపండు అడిగింది, పంపిస్తా.

గుడిలో కంకుల్ని వరప్రసాదం మామ వేలంలో పాడుకున్నాడు. ఇత్తనానికని దూలానికి కట్టిపెట్టినాడు. నిజం చెప్తే, దేవుడికి తాలు పెట్టినావా అని ఊరంతా చాటతాడు. చెప్పకుంటే వచ్చే ఏడు వాన తప్పితే ఆయన చేలో తాలే పండుద్ది. ఏం చేసేది నాయనా? తొందరగా అన్న చేత జాబు రాయించు. మామ ఎదురైనప్పుడల్లా "నీ చెయ్యి మంచిదమ్మా" అంటా ఉండాడు.

అన్నకీ వదినకీ వందనాలు.
సుజన, సీతారామపురం