ఆరు గంటల ఆదా

అక్టోబరు 16, గురువారం. ఉదయం 8.10

ఈరోజే మొదలు! మా పద్నాలుగేళ్ల కంప్యూటర్‌ని పరుగెత్తిస్తాను. ప్రాసెసర్ వేగం ఇప్పుడు 3.4 గిగాహెర్ట్జ్. లక్ష్యం 4.2. లోపల మిగతా ఏ భాగానికీ చీమ కుట్టినట్టు కూడా ఉండకూడదు.

దీనికంతటికీ కారణం అత్తయ్య. నలభై ఏళ్లు తేయాకు కోత పాటలతో ఆడే మా ఊరి నాటకాల్లో విదూషకుడి వేషం కట్టిన మనిషి. పోయిన నెల గుడి ముందు ఆఖరిసారి ఆడింది. ఆ వీడియో కొండంత ఉంది. మా ఊరు జుంగ్‌లీలో వాడ హాలు తెర మీద వేయాలంటే దాన్ని మార్చి చిన్నది చేయాలి. 26, ఆదివారం మూడింటికి ఆట. ఎంతసేపు పడుతుందని కంప్యూటర్‌ని అడిగితే ముప్పై ఒక్క గంటలంది.

ఆడపడుచు వాన్-చిన్ పకపకా నవ్వింది. "నా ల్యాప్‌టాప్‌లో నలభై నిమిషాలు వదినా! ఈ ముసల్దాన్ని సోమవారం చెత్తబండికి ఇచ్చెయ్. పాట వింటూ హాయిగా పోతుంది."

ఒళ్లు మండింది. పందెం కట్టాను. ఆదివారానికి ఈ కంప్యూటరే వీడియో సిద్ధం చేస్తే ఇంట్లో ఉంటుంది. లేకపోతే సోమవారం సాయంత్రం చెత్తబండి పాట వినగానే నేనే మోసుకెళ్లి ఇస్తాను.

దీని మదర్‌బోర్డు మీద గుండ్రటి సీలుంది. 27. ఆ ఇరవయ్యేడు నేనే. ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లు బోర్డులు తనిఖీ చేశాను. ఫ్యాక్టరీ మూతపడింది. నా సీలున్న బోర్డుల్లో నాకు తెలిసి బతికున్నది ఇదొక్కటే. చెత్తబండికా ఇచ్చేది?

లెక్క వేశాను. 4.2 అయితే ఇరవై అయిదు గంటలే. ఆరు గంటలు ఆదా!

నియమాలు, ఫ్యాక్టరీలోవే:
1. ఒకసారికి ఒక్కటే మార్పు.
2. గంటసేపు పరీక్ష.
3. ప్రతి మార్పూ రాయాలి.
4. బేస్ వేగం ముట్టుకోకూడదు. అది మేళంలో డప్పు. దాన్ని పెంచితే ర్యామూ, డిస్కూ, మౌసూ అన్నీ దానితోపాటు గెంతాలి.

అక్టోబరు 17, శుక్రవారం

3.6. వేడి 58 డిగ్రీలు. గంట పరీక్ష పాస్. బంగారు తల్లి!

మానిటర్ పక్కన చిన్న ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్ పెట్టాను. దాని పేరుకి అర్థమే బుద్ధిగా ఉండమని. ఫ్యాక్టరీలో అది లేని మెషీను నేను చూడలేదు. పచ్చలైటు లెక్కన ఆకుపచ్చదే కావాలి, గడువు దాటకూడదు, తినకూడదు.

అక్టోబరు 18, శనివారం

3.8. 62 డిగ్రీలు. పాస్.

వీడియో ఇప్పుడే మొదలుపెట్టొచ్చు కదా అన్నారు మా ఆయన. ముందు వేగం, తర్వాతే వీడియో అన్నాను. మగవాళ్లకి ఓపిక ఉండదు.

అక్టోబరు 19, ఆదివారం

4.0!! 66 డిగ్రీలు! పాస్!

మధ్యాహ్నం అత్తయ్య బజారు నుంచి దిండంత ప్యాకెట్ తెచ్చింది. ఆకుపచ్చదే. "నీ ప్యాకెట్ మరీ పసిగుడ్డులా ఉందమ్మాయ్. ఇంత పెద్ద యంత్రం దానికేం భయపడుద్ది?" అంటూ కంప్యూటర్ డబ్బా నెత్తిన పెట్టి రెండు చేతులూ జోడించింది. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. అత్తయ్య మా జట్టే.

అక్టోబరు 20, సోమవారం

10.00: 4.1.
10.20: 97 డిగ్రీలు. ఆరిపోయింది!
10.45: తిరిగి 4.0కి వచ్చాను. 95 డిగ్రీలు. నిన్న ఇదే 4.0లో 66 కదా!
11.00: పుస్తకం తిరగేశాను. నిన్నటికీ ఈరోజుకీ నేను చేసిన మార్పు ఒక్కటీ లేదు.

ఎండ ఎక్కువగా ఉంది. అదే అయ్యుంటుంది.

అక్టోబరు 21, మంగళవారం

వాన. 95 డిగ్రీలే.

ప్రాసెసర్ మీద వేడి లాగే పాత పేస్టు గీకేసి కొత్తది పూశాను. 94. ఒక డిగ్రీ తగ్గింది, అదీ విజయమే.

నెత్తి మీది ప్యాకెట్ గడువు చూశాను. ఎనిమిది రోజులే ఉంది! దొరికింది దొంగ. గడువు దగ్గరపడితే దానికి శక్తి ఏముంటుంది? పరుగున వెళ్లి తాజాది కొన్నాను, అదీ పెద్దదే. పాతదాన్ని తీసేస్తే దానికి కోపం వస్తుందేమోనని రెండూ పక్కపక్కనే పెట్టాను.

4.40: 98 డిగ్రీలు. ఆరిపోయింది.

అక్టోబరు 22, బుధవారం

వోల్టేజీ తగ్గించాను, ఒక ర్యామ్ పీకేశాను. ఇవి రెండు మార్పులే గానీ, ఒకేసారి చేశాను కాబట్టి ఒకటి కిందే లెక్క.

లాభం లేదు. డబ్బా పక్క తలుపు ఊడదీసి హాల్లోని పంకా తెచ్చి ఎదురుగా పెట్టాను. 91.

"ఏమే, పంకా ఏదీ?" మా ఆయన.

"ఆసుపత్రి డ్యూటీలో ఉంది."

ఆయన అట్టముక్కతో విసురుకుంటూ అన్నం తిన్నారు.

అక్టోబరు 23, గురువారం

ఉదయం 9.30: బేస్ వేగం ముట్టుకున్నాను. నియమం 4 తెలుసు. 100 నుంచి 103, అంతే. ఇంత దూరం వచ్చాక మూడేమిటి, ముప్పయ్యేమిటి.

9.40: మౌసు చచ్చిపోయింది. స్పీకర్‌కి జలుబు చేసింది.
9.45: డిస్కు కనిపించడం లేదు.
9.46: అత్తయ్య వీడియో డిస్కులో ఉంది!!!
10.30: అన్నీ వెనక్కి మార్చాక కనిపించింది. వీడియో ఉంది.

అసలు వీడియో వాన్-చిన్ ఫోన్‌లో ఉంది. కానీ వాన్-చిన్‌ని అడగడమా!

సాయంత్రం చెత్తబండి పాట వినిపిస్తే తలుపు వేసుకున్నాను. తప్పు బోర్డుదేనేమో. ఆ రోజు నేనే సరిగ్గా చూడకుండా సీలు వేశానేమో. పంతొమ్మిదేళ్లలో నాకు ఇలాంటి అనుమానం ఎప్పుడూ రాలేదు. చాలా బాధగా ఉంది.

అక్టోబరు 24, శుక్రవారం

8.40: 4.0 దగ్గరే చివరి పరీక్ష పెట్టి వంటింట్లోకి వెళ్లాను. తిరిగొస్తే కరకర చప్పుడు. అత్తయ్య కంప్యూటర్ ముందు కూర్చుని ప్యాకెట్ తింటోంది! రెండోది అప్పటికే ఖాళీ!

"అత్తయ్యా! అది తినకూడదు!"

"టిఫిన్ ఆలస్యమైందిగా. ఎంత బావున్నాయమ్మాయ్! ఇప్పుడే పెనం మీంచి దించినంత వేడిగా ఉన్నాయి."

వేడిగానా?

డబ్బా నెత్తిన చెయ్యి పెట్టాను. జల్లెడలాంటి మూతలోంచి వేడిగాలి భుగభుగమని వస్తోంది. లోపలి గాలి బయటికి పోయే దారే అది. ఐదు రోజులుగా దాని ముక్కు మూసి, ఎందుకు పరుగెత్తవని కొడుతున్నాను!

8.55: 67 డిగ్రీలు.

నిన్నటికీ ఈరోజుకీ మార్పు లేదని రాసినదాన్ని నేనే. ప్యాకెట్ పెట్టడం మార్పని తనిఖీ అధికారి ఇరవయ్యేడుకి తట్టలేదు. బోర్డు తప్పు కాదు. కాదు! ఏడ్చాను. అత్తయ్య నా నోట్లో ఒక గుప్పెడు పోసింది. నిజంగానే వేడిగా ఉన్నాయి.

9.00: ర్యామ్ తిరిగి పెట్టాను. అన్నీ సీలు వేసిన రోజు ఎలా ఉన్నాయో అలా. 3.4. వీడియో మొదలు. ముప్పై ఒక్క గంటలు. పంకా మా ఆయనకి ఇచ్చేశాను.

అక్టోబరు 25, శనివారం

సాయంత్రం 4.00: అయిపోయింది. చెప్పిన గంటకి, ఒక్కసారి కూడా ఆగకుండా.

అక్టోబరు 26, ఆదివారం. సాయంత్రం 6.30

హాలు నిండిపోయింది. తెర మీద అత్తయ్య పీట మీంచి జారిపడగానే అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. పక్క కుర్చీలో అత్తయ్య మాత్రం నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది: "నేను ఇంత బాగా చేసేదాన్నా, అమ్మాయ్?"

బయట వాన్-చిన్ ఎదురొచ్చింది. "సరే వదినా, నీ ముసల్దాన్ని నువ్వే ఉంచుకో. ఒక్క మాట అడగనా? పదహారో తారీఖు పొద్దున్నే మీట నొక్కి వదిలేసి ఉంటే?"

నడుస్తూ లెక్క వేశాను. మూడుసార్లు. పదిహేడో తారీఖు మధ్యాహ్నం మూడు పదికే అయిపోయేది. ఆరు గంటలు ఆదా చేయడానికి ఎనిమిది రోజులు పట్టింది.

రేపు చెత్తబండికి వెళ్లేవి: ఖాళీ ఆకుపచ్చ ప్యాకెట్లు రెండు.

రేపు ఉదయం 8.10 నుంచి: 3.5. ఒక్కటే మార్పు. గంట పరీక్ష. కొత్త నియమం 5: నెత్తిన ఏం పెట్టినా అదీ మార్పే, రాయాలి.

"వీడియో అయిపోయిందిగా, ఇంకా దేనికమ్మాయ్ దానికి ఈ పరుగు?" అంది అత్తయ్య.

"ఇప్పుడు దానికి ఊపిరాడుతోంది కదా అత్తయ్యా."

4.2 దాకానే. బేస్ వేగం చచ్చినా ముట్టుకోను. 101 అయితే ముట్టుకున్నట్టు కాదు.