వెళ్ళొస్తానని చెప్పకుండా

అమ్మా,

రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసి రమ్మని ఇవాళ కంపెనీవాళ్ళు నన్ను ఐ.పోలవరం పంపారు. పని త్వరగా ముగించుకుని మీ అన్నయ్య ఇంటికి వెళ్ళాను. నాన్నతో గొడవపడి మన గడప తొక్కడం మానేసిన మావయ్య, నువ్వు పోయినప్పుడూ రాలేదు కదా. ఎవరు నువ్వు అంటే ఏం చెప్పాలో తేలక గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరగబోయాను.

అత్తయ్యే చూసి గుర్తుపట్టింది. "ఎండలో నిలబడిపోయేవేంటమ్మా, లోపలికి రా" అంది.

మావయ్య పడక్కుర్చీలోంచి లేవలేదు. చెరువుల్లో వైరస్ ఏమైనా కనపడిందా అని అడిగారు. నీ మాట మాత్రం ఎత్తలేదు. నేనే ఎత్తితే లేచి వెళ్ళిపోతారేమోనని గుబులు. కాఫీ కూడా సరిగ్గా తాగలేకపోయాను.

చివరికి బ్యాగు తీసుకుని, "వెళ్ళొస్తాను మావయ్యా" అన్నాను.

"ఆ మాట అనకమ్మా!" అన్నారు గబుక్కున. "చావు జరిగినింటికి పలకరింపుకొచ్చినోళ్ళు వెళ్ళొస్తామని చెప్పరు. మాకూ మీకూ మాటల్లేవని ఊళ్ళో ఎవరూ రాలేదు. చెల్లెలు పోయేక నన్ను పలకరించడానికొచ్చింది నువ్వొక్కదానివే."

తల వంచుకుని, ఏమీ చెప్పకుండా గడప దాటాను. అత్తయ్య గేటు దాకా వచ్చింది.

"పై నెల కూడా ఇటు పనుంటుందా?"

"ఆయ్" అన్నాను.

పై నెల ఈ చెరువులు ఇంకెవరికైనా అప్పగిస్తారేమోనని బస్సెక్కిన దగ్గర్నించీ ఒకటే భయం. మావయ్యకి చెప్పాల్సిన ఆ 'వెళ్ళొస్తాను' అన్న ఒక్క మాటా ఇంకా నా దగ్గరే ఉండిపోయిందమ్మా.