గోడవైపు మంచం

జూన్ 4, మంగళవారం

పైల్స్ కాదు.

బయాప్సీ రిపోర్టు సర్జన్ గారి ముందు తెరిస్తే మొహం ఎలా పెట్టాలో తెలియలేదు. అందుకని ముందే మెట్ల కింద నిలబడి నేనే చదివాను. పురీషనాళంలో గడ్డ. క్యాన్సరే. కవరు మడిచి జేబులో పెట్టుకుని, స్కానింగ్ గదికి వెళ్ళి మధ్యాహ్నం నా డ్యూటీ స్కాన్లు చేశాను. ఒక గర్భిణికి బిడ్డ గుండె కొట్టుకోవడం చూపించాను. ఆమె ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చి, జెల్ తుడిచే కాగితం కోసం వెతుకుతున్నట్టు నటించాను.

ఇంట్లో మాత్రం ఇంకా పైల్సే.

జూన్ 6, గురువారం

ఇక తేలాల్సింది ఒక్కటే, ఎంత లోతు అన్నది. గడ్డ పేగు గోడ లోపలి పొరల్లోనే ఉంటే కింది నుంచే చిన్న ఆపరేషన్ చేసి తీసేస్తామన్నారు సర్జన్ గారు. కండ పొరలోకి దిగితే మాత్రం పెద్ద ఆపరేషన్. గడ్డ బాగా కింద ఉంది కాబట్టి ఆ తర్వాత మలం పోవడానికి పొట్టకి బ్యాగు, బతికినన్నాళ్ళూ. ఆయన మెల్లగా, ఆగి ఆగి చెప్పారు. నాకు చెప్పాలా? ఈ మాటలు వినాల్సినవాళ్ళని ఇన్నేళ్ళుగా ఆయన దగ్గరికి పంపుతున్నది నేనే కదా.

లోతు చెప్పేది ఎండోరెక్టల్ స్కాన్, కింది నుంచి ప్రోబ్ అనే గొట్టం పెట్టి చేసేది. ఈ ఊళ్ళో అది చేసేది మా స్కానింగ్ గదిలోనే. మా గదిలో అది చెయ్యడం వచ్చినవాళ్ళం ఇద్దరమే. నాకు నేను చేసుకోలేను. ఇక మిగిలింది రేడియో.

జూన్ 7, శుక్రవారం

రేడియో అంటే నా జూనియర్. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. పని నేర్పిందీ నేనే. స్క్రీన్ మీద ఎంత చెడ్డది కనపడినా నీ నోరు ఆగకూడదురా, ఎండల గురించి మాట్లాడు, బస్సుల గురించి మాట్లాడు, నువ్వు ఆగావంటే పేషెంటు గుండె ఆగుతుంది అని వాడికి చెప్పాను. పేషెంటుకి స్క్రీన్ కనపడకుండా మంచాన్ని గోడవైపు తిప్పించిందీ నేనే. ఎవరేం అడిగినా డాక్టరు గారు చెప్తారు అనాలన్నదీ నా రూలే. ఇప్పుడు అన్నీ కలిసి నా మెడకే చుట్టుకుంటున్నాయి.

వాడికి విషయం చెప్పాను. ముందు జోకనుకున్నాడు. తర్వాత, అన్నా, సోమవారం పొద్దున్నే వచ్చెయ్, ఎవరూ ఉండరు అన్నాడు. అంత తక్కువ మాటలు వాడి నోట ఎప్పుడూ వినలేదు.

జూన్ 9, ఆదివారం

భయంగా ఉంది. అన్నం దగ్గర కూర్చుని లేచిపోయాను. ప్రపంచంలో మీ ఒక్కరికే వచ్చాయా పైల్స్ అని మా ఆవిడ నవ్వింది.

జూన్ 10, సోమవారం, మధ్యాహ్నం

ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకున్నాను. కాస్త వదులుగా ఉండండి, ఊపిరి తీసుకోండి అని రోజూ అందరికీ చెప్పేవాణ్ణి. వదులుగా ఎలా ఉంటార్రా నాయనా! కొడుకు వయసు వాడి ముందు సిగ్గుతో చచ్చిపోయాను. గోడకి పెయింటు పెచ్చు లేచి ఉంది. ఇన్నేళ్ళూ చూడనే లేదు.

ప్రోబ్ వెళ్ళింది. దాని చివరున్న బెలూన్‌లోకి నీళ్ళు ఎక్కుతుంటే లోపలంతా బరువు. నా వీపు వెనక స్క్రీన్ మీద పేగు గోడ వలయాలుగా కనపడుతూ ఉంటుంది. తెలుపు, నలుపు, తెలుపు, నలుపు, తెలుపు. బయటి నలుపు కండ. గడ్డ దాన్ని ముట్టుకుందా లేదా, నా బతుకంతా అక్కడే ఉంది. తల తిప్పితే తెలిసిపోతుంది. తిప్పే ధైర్యం లేదు.

రేడియో మాట్లాడటం లేదు.

మంచం ఎక్కేదాకా బస్సు రాలేదని, గొడుగు పోయిందని వాగినవాడే. ప్రోబ్ వెళ్ళగానే నోరు పడిపోయింది. బొమ్మని ఆపే ఫ్రీజ్ బటన్ నొక్కిన చప్పుడు. కొలుస్తున్న చప్పుడు. మళ్ళీ ఫ్రీజ్. ఏదో ఒకటి వాగరా అన్నాను. అన్నా, కదలకు అన్నాడు.

అయ్యాక తుడుచుకోవడానికి కాగితం చేతికిచ్చి అటు తిరిగాడు. ఏంట్రా అన్నాను. డాక్టరు గారు చెప్తారు అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది. సర్జన్ గారేమో సెలవులో ఉన్నారు, గురువారం గానీ రారు.

జూన్ 11, మంగళవారం

మెషిన్‌లో నా బొమ్మలు ఉన్నాయి. తెరుద్దామని వెళ్ళాను. బటన్ మీద వేలు పెట్టి, తీసేశాను.

జూన్ 12, బుధవారం

మా ఆవిడకి చెప్పేశాను. పైల్స్ కాదని, క్యాన్సరని, రేడియో నోరు మూసుకున్నాడంటే ఇక బ్యాగు తప్పదని. ఇన్నాళ్ళూ ఒక్కరే మోశారా, నేనేమైనా చచ్చానా అని అరిచింది. తర్వాత, ఆ బ్యాగు ఒకటి తెచ్చి చూపించండి, పెట్టడం ఎలాగో నేర్చుకుంటాను అంది. స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది. నాకు వినపడదనుకుంది, పిచ్చిది.

జూన్ 13, గురువారం

గడ్డ కండని ముట్టుకోలేదు! మధ్య తెలుపు ఒకచోట పలచబడింది, అంతే. చిన్న ఆపరేషన్ చాలు. సర్జన్ గారి చేతులు పట్టుకుని వదల్లేదు నేను.

బయటికొచ్చి రేడియో కాలరు పట్టుకున్నాను. బాగుంటే నోరెందుకు మూసుకున్నావురా, మూడు రోజులు బతికుండగానే చంపావు కదరా అన్నాను. వాడు బిక్కమొహం వేశాడు. చెడ్డది కనపడినా వాగమని నువ్వే కదన్నా నేర్పింది, నేను వాగితే దాస్తున్నాననుకుంటావు, అందుకే గమ్మున ఉన్నా, నీకు అర్థమవుద్దిలే అనుకున్నా అన్నాడు.

మెట్ల మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాం. ఆపరేషన్ తర్వాత కూడా గడ్డ తిరిగొచ్చిందేమోనని మూడు నెలలకోసారి స్కాన్ చూస్తుండాలి. అందుకని ఒప్పందం చేసుకున్నాం. ఇక నా విషయంలో వేరే రూలు. వాడు వాగుతుంటే అంతా బాగున్నట్టు. ఆగితే, అని వాడు మొదలుపెట్టాడు. ఆ మాట పూర్తి చెయ్యనివ్వలేదు.

జూలై 2, మంగళవారం

ఆపరేషన్ అయింది. బ్యాగు లేదు. కూర్చోలేక నిలబడి రాస్తున్నాను.

అక్టోబరు 7, సోమవారం

మూడు నెలల స్కాన్. రేడియో రోడ్డు మీద గుంతలతో మొదలుపెట్టి వాళ్ళత్తగారి మోకాళ్ళ నొప్పుల దాకా వచ్చాడు. అక్కడ ఆగాడు. తర్వాత మళ్ళీ అందుకున్నాడు.

ఎందుకు ఆగావురా అంటే, తుమ్ము వచ్చినట్టే వచ్చి పోయిందన్నాడు.

రిపోర్టు రేపు.