పన్నెండో కడ్డీ

మే 9, 2004
సమ్మర్ రీసెర్చ్ అంటే ఏసీ ల్యాబ్ అనుకున్నాను. తీసుకొచ్చి కంబదూరు అవతల, సెలవులకు మూసిన స్కూలు గదిలో పడేశారు. నేను, నా క్లాస్‌మేట్ లహరి, ఒక మీటర్, ఒక లాప్‌టాప్. ఫ్యాన్ ఉంది, కరెంటు లేదు.

పని ఇది: చేనులో ఐదు మీటర్లకొకటి చొప్పున ఇరవై నాలుగు ఇనుప కడ్డీలు దిగగొట్టి, కరెంటు పంపి, నేల లోపలి బొమ్మ తీయడం. బొమ్మలో నీలం కనిపిస్తే అక్కడ తడి ఉండొచ్చు. ఉండొచ్చు, అంతే. గైడ్ సార్ ఆ మాట మూడుసార్లు చెప్పి జీపెక్కారు. ఇంకా ఎనిమిది వారాలు.

మే 13
ట్యాంకర్ రాలేదు. స్నానం లేదు.

మే 17
బయ్యన్న చేనులో కడ్డీల లైన్ వేశాం. ఆయనకు ఇప్పటికే మూడు బోర్లు ఎండిపోయాయి. నాలుగోదీ పోతే చేను ఇడిసి బెంగుళూరికి కూలికి పోయేదే అని నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

నేల ఎంత పొడిగా ఉందంటే కడ్డీలకు కాంటాక్టే అందలేదు. ఒక్కో కడ్డీ మొదట్లో గ్లాసెడు ఉప్పునీళ్లు పోయమని ఆయన భార్య వెంకటలక్ష్మమ్మకు చెప్పి, మేం నీడకు పోయాం. సాయంత్రానికి బొమ్మ వచ్చింది. పన్నెండో కడ్డీ కింద చిక్కటి నీలం! లహరి గెంతింది. నేనూ గెంతాను.

మే 18
పొద్దున వెళ్లేసరికి పన్నెండో కడ్డీకి పసుపు, కుంకుమ, పూలదండ. కొబ్బరికాయ నన్నే కొట్టమన్నారు. మాది చర్చికెళ్లే ఇల్లు, నాకు రాదన్నాను. ఏ సామైనా నీళ్లిచ్చే సామే కదా, కొట్టు పాపా అన్నాడు బయ్యన్న. కొట్టాను. సరిగ్గా రెండు చిప్పలైంది. ఇది ఇంకా ఫైనల్ కాదని అరిచాను. చప్పట్లలో ఎవరికీ వినబడలేదు.

మే 20, ఉదయం
వెంకటలక్ష్మమ్మ మజ్జిగ తెచ్చి, సిగ్గుపడుతూ ఓ మాట చెప్పింది. అన్నిటికీ గ్లాసెడే పోసినా గానీ, ఆ పన్నెండోదానికి మూడు బిందెలు కుమ్మరించినా పాపా, ఆడ నీళ్లుండాయని నా మనసుకు తోచె, గొంతెండిపోయిన నేల ఏం పలుకుతాది అంది. తాగడానికి పట్టుకున్న ట్యాంకర్ నీళ్లు!

అంటే మేం బొమ్మ తీసింది ఆమె బిందెల్ని. కోపం రావాలి. ఏడుపొచ్చింది.

సాయంత్రం
మళ్లీ లైన్ వేస్తామన్నాను. బయ్యన్న ఒప్పుకోలేదు. పూజ చేసిన పాయింట్ కదిలిస్తే ఉన్న నీళ్లూ పోతాయట. బోరు బండి వచ్చే శుక్రవారమే. బిందెల సంగతీ చెప్పేశాను. మా ఆడమనిషి చెయ్యి మంచిదిలే అన్నాడు. పక్కనున్న వాళ్లకేసి తిరిగి, ఏమప్పా, సదువుకున్న పిల్లోల్లు భయపడతాండారు అని నవ్వాడు.

ఎస్‌టీడీ బూత్ నుంచి సార్‌కి ఫోన్ చేశాను. ఆ ఇమేజ్ కాన్ఫరెన్స్ పోస్టర్‌లో పెట్టేశానమ్మా, కంగారు పడకు అన్నారు.

మే 24
బోరు బండి దారిలో చెడిపోవాలని ప్రార్థన చేస్తున్నాను.

మే 28
చెడిపోలేదు.

రెండు వందల అడుగుల దాకా తెల్ల దుమ్మే. వెంకటలక్ష్మమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. పారిపోవాలనిపించింది. రెండు వందల నలభై దగ్గర దుమ్ము బురదైంది. ఆ తర్వాత నీళ్లు. రెండించుల ధార.

బయ్యన్న నా కాళ్లకు మొక్కాడు. ఇరవయ్యేళ్ల కాళ్లకు! మా బొమ్మ తప్పే, ఇది మా వల్ల కాదు అంటే వినే నాథుడు లేడు. సంతోషంగానే ఉంది, ఒట్టు. భయంగా కూడా ఉంది.

జూన్ 2
మీటర్ చెడిపోయింది. జీపొచ్చి పట్టుకెళ్లింది. జ్వరమని లహరి కూడా అందులోనే పోయింది. గది తాళాలు అప్పగించి రేపు బస్సులో రమ్మని నాకు ఆర్డర్.

జూన్ 3
తలుపు తీస్తే పద్నాలుగు మంది. చేతుల్లో కొబ్బరికాయలు. నా బ్యాగు అప్పటికే ఎవరో నెత్తికెత్తుకున్నారు, బస్సు వైపు మాత్రం కాదు. ఓబమ్మ చేను చూసినాకనే బస్సు అన్నారు. ఓబమ్మకు ముందూ వెనకా ఎవరూ లేరు. ఉన్న రెండావులూ అమ్మి బోరు వేయిస్తుందట.

మీటర్ లేదు, నాకేమీ తెలియదు అన్నాను. మీటర్ ఏంటికి పాపా, నీ చెయ్యి సాలు అందామె.

ఎవరూ తిట్టలేదు, తొయ్యలేదు. గొడుగు పట్టారు. అన్నం పెట్టారు. రోజుకొక్కటే బస్సు, మధ్యాహ్నం రెండింటికి. పోయింది.

జూన్ 4, బస్సులో
ఒంటిగంటన్నరకు ఓబమ్మ చేనులో ఒకచోటికి వేలు చూపించాను.

అందరూ సాగనంపడానికి వచ్చారు. ఓబమ్మ రాలేదు. పాయింట్ దగ్గర కాపలా కూర్చుందట.