కాంపౌండరు గారి రక్తపరీక్ష

అమ్మా,

నాన్న బాగున్నారు. ముందా మాట చదివి, కూర్చుని మిగతాది చదువు.

ఊపిరితిత్తి ఆపరేషన్ అయ్యాక క్యాన్సర్ డీఎన్ఏ రక్తంలో ఇంకా తిరుగుతోందేమో చూస్తామన్నారు కదా. ఉంటే జబ్బు తిరగబెట్టే భయం ఎక్కువట. పోయిన వారం నర్సు రక్తం తీసి, చీటీ రాయడానికి అటు తిరిగిందో లేదో, నాన్న ఆ ట్యూబు అందుకుని గబగబా కుదిపేశారు. ముప్పై ఏళ్ళ కాంపౌండరు చెయ్యి, ఊరుకుంటుందా? "ఇది దగ్గుమందు కాదండీ, ఇలా కుదిపితే కణాలు చితికి అసలు విషయం తేలదు" అని ఆవిడ తల పట్టుకుంది. మళ్ళీ తీసినప్పుడు ఆయన చేతులు రెండూ నేను పట్టుకున్నాను.

ఇవాళ ఫలితం వచ్చింది. జాడ కూడా లేదు. "మూడు నెలలకోసారి చూస్తూనే ఉండాలి, కానీ ఇది చాలా మంచి కబురు" అంది డాక్టరమ్మ. మధ్యాహ్నం నాన్న అన్నం మారు అడిగారు.

నీ మోకాలికి మందు రాస్తున్నావా? బయల్దేరేటప్పుడు నాన్న తన సైకిలు పక్కింటి మాస్టారికి ఇచ్చేయమన్నారట నీతో. ఇవ్వకు. ఇచ్చేసి ఉంటే సిగ్గుపడకుండా వెళ్ళి తెచ్చుకో. తమ్ముడికి నా దీవెనలు చెప్పి, రెండు చక్రాలకీ గాలి కొట్టించమను.

నీ పెద్దది