ముప్పై మూడేళ్ల తాత

కోరుట్ల,
14-10-2011.

చిరంజీవి తమ్ముడు సతీశ్‌కు అక్క సుజాత దీవెనలు. అవ్వ, మీ బావ, పిల్లలు బాగానే ఉన్నారు. అందరం క్షేమం అని రాద్దామంటే మాత్రం చేయి రావడం లేదు. ఫోన్‌లో నీ గొంతు వినగానే ఏడుపు వస్తోంది, అందుకే ఈ ఉత్తరం. కూర్చుని చదువు, సరేనా?

ఇక్కడ సకల జనుల సమ్మె. బస్సుల్లేవు, బడుల్లేవు. నీ మేనల్లుళ్లు ఇల్లు పీకి పందిరేస్తున్నారు. సమ్మె మొదలైన వారమే మీ అన్న యాదగిరి సిరిసిల్ల నుంచి వచ్చాడు. వచ్చినవాడు ఇంటి పట్టున ఉంటాడా? జెండా పట్టుకుని రాస్తారోకోకు పోయాడు. పోలీసులు పోరగాళ్లందరినీ వ్యాన్ ఎక్కిస్తుంటే తనూ ఎక్కబోయాడు. కానిస్టేబుల్ చేయి పట్టి ఆపి, తాతా, నువ్వెందుకే, ఎండకు పడిపోతవు, ఇంటికి పో అన్నాడట. వీడికి కోపం నషాళానికంటింది. నాకు ముప్పై మూడే, నేనేం తాతను, నన్ను గూడ అరెస్ట్ చెయ్యున్రి అని అరిచాడట. వ్యాన్‌లోని వాళ్లూ పోలీసులూ కలిసే నవ్వారట. అరిచి అరిచి వీడు అక్కడే కళ్లు తిరిగి పడ్డాడు.

నువ్వు దుబాయి పోయి ఆరేళ్లు, ఒక్కసారీ రాలేదు. అప్పటికి వాడికి జుట్టే నెరిసింది. మరమగ్గాల కాడి దూది దుమ్ము అన్నాం, కల్లు అన్నాం. ఇప్పుడు కళ్లకు మోతిబిందు పొర కమ్మి చూపు మసకబారింది, గొంతు సన్నబడింది, మడమ మీద పుండు ఏడాదిగా మానడం లేదు.

మీ బావ బండి మీద జగిత్యాల తీసుకుపోయాం. డాక్టరు నన్ను చూసి, మీ నాయినకు షుగర్ ఎప్పటినుంచి ఉందమ్మా అని అడిగాడు. ఇంతెత్తున లేచాను. నాయిన ఏంది సార్, నాకంటె మూడేండ్లు చిన్నోడు, నేను సంకనేసుకుని తిప్పినోడు అన్నాను. అప్పుడు ఆయన ముఖం మారిపోయింది. రాస్తున్న చీటీ పక్కన పెట్టి, మీ ఇద్దరి రక్తమూ కావాలన్నాడు.

బస్సుల్లేక అంబులెన్స్ డ్రైవర్ చేతికిచ్చి వాడి రక్తమూ నా రక్తమూ హైదరాబాదుకు పంపారు. మొన్న ఫలితం వచ్చింది. నాకు అర్థమైనంత రాస్తున్నాను. మన ఒంట్లో ప్రతి కణంలో డీఎన్ఏ అని సన్నటి పోగు ఉంటుందట. ఎండకో, పొగకో, ఊరికేనో అది రోజూ దెబ్బతింటుందట. దాన్ని బాగుచేసే ఏర్పాటు కూడా లోపలే ఉంటుంది. అది పనిచేసినన్నాళ్లు మనిషి గట్టిగా ఉంటాడు, మందగిస్తే ముసలితనం. మీ అన్నకు పుట్టుకతోనే అందులో ఒక భాగం లేదు. అందుకే ఇప్పుడే డెబ్బై ఏళ్ల ఒళ్లు. దీనికి మందు లేదు సతీశ్. కళ్లకు ఆపరేషన్, షుగర్‌కు మాత్రలు, అంతే. యాభై అయిదు దాటడం కష్టమన్నాడు. బయటికొచ్చాక యాదగిరి, అక్కా, అంటె సాంచె నడుస్తనే ఉన్నది గని పోగు తెగితె అతికేటోడు లేడన్నట్టు అని నవ్వాడు. సాంచెలంటే ఆ మరమగ్గాల మీద ఇన్నేళ్లు వాడు చేసిందే ఆ పని. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు నీ సంగతి. నాయిన చేసుకున్నది సొంత అక్క బిడ్డనే కదా. రెండు వైపులా అదే లోపం ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ నాలుగో వంతు ప్రమాదమట. నాకు లేదని తేలింది. మిగిలింది నువ్వు. చందుర్తి మామ బిడ్డతో నీ లగ్గం మాఘంలో అనుకున్నాం, పరీక్ష కాకుండా అది జరగడానికి వీల్లేదు. కన్నతల్లి కదా, అవ్వ ఒప్పుకోవడం లేదు. ఇద్దరు కొడుకులకు గదే రోగం ఇస్తడా దేవుడు, నా సతీశ్ గుర్రం లెక్కుంటడు అంటోంది. నాకూ అదే నమ్మకం. వెంటనే రక్తపరీక్ష చేయించుకో.

నీ అక్క,
సుజాత.

తా.క.: ఈ ఉత్తరం నీకు అందించడానికి ఇబ్రహీంపట్నం లింగన్న వచ్చాడు. లీవు అయిపోయి రేపు దుబాయి పోతున్నాడు. నిన్ను ముఖాముఖి ఎన్నడూ చూసినవాడు కాదు. చాయ్ తాగుతూ, మీ నాయినను దుబాయికి ఎప్పుడు పిలిపించుకున్నరు అని అడిగాడు. ఎండాకాలంలో నేను అతని చేత పంపిన మామిడికాయ తొక్కు ఇవ్వడానికి నీ గదికి వస్తే తల నెరిసిన పెద్దమనిషి తలుపు తీశాడట. సతీశ్ డ్యూటీకి పోయిండు, నేను వాని నాయినను అని సీసా తీసుకున్నాడట.

మన నాయిన పోయి తొమ్మిదేళ్లయింది కదరా.

తొక్కు అందింది, మస్తుగున్నది అక్కా అని ఆ రాత్రి నువ్వే ఫోన్ చేశావు. ఎందుకురా దాచినవు? వచ్చెయ్.