పేడపురుగు కింద రెండో చీటీ

నవంబరు 9, ఆదివారం. నేవన్ ఊరు.

మేం మలావీ దేశంలో ఉన్నప్పుడు దొరికిన పేడపురుగు తెలిసిన జాతుల్లో దేనికీ సరిపోవడం లేదని, ఫొటోలు చూసిన మ్యూజియం ఆవిడ ఫోన్ చేసింది. వర్ణన రాసి పంపమంది. పట్టినవారి పేరు పురుగు కింద గుచ్చిన చీటీలో ఎలా ఉంటే అలాగే అచ్చవుతుందట.

భూతద్దం పెట్టి రాశాను. రాగిరంగు వీపు, తల మీద చిన్న కొమ్ము, ముందుకాళ్లకు నాలుగేసి రంపపు పళ్లు. టీ తెచ్చిన మా అమ్మాయి సుజాత చీటీ చదివింది.

"ఇది అమ్మ పట్టింది కదా డాడీ? నీ పేరుందేంటి?"

"రాసేది నేనే కదా అని..."

"అమ్మ చూసిందా?"

చూసే ఉంటుంది. ఈ పురుగుల పెట్టె వారం వారం తుడిచింది సరళే. ఏనాడూ ఏమీ అనలేదు. ఆ రోజు పెరట్లో పురుగు మీద స్టీలు గ్లాసు బోర్లించి, "ఏవండీ, మీ చుట్టం వచ్చాడు, రండి!" అని కేకేసింది. తర్వాత అదే గ్లాసులో కాఫీ ఇచ్చి, తాగేశాక చెప్పి ఎంత నవ్విందో. ఇప్పుడు క్షమించమని అడుగుదామంటే మనిషి లేదు.

పాత చీటీ తీసేయకూడదు. తప్పుంటే దాని కింద మరొకటి గుచ్చాలి, అదీ పద్ధతి. గుచ్చాను: పట్టినది సరళ. పైన నా తప్పు అలాగే ఉంటుంది. ఉండనీ.